అన్ని సైన్సుల్లోనూ ఈ యూనిఫార్మిటీ (అంతా ఒకే తీరుగా ఉండడం) ఒకటేనా? గండికోటలో పిల్లోడు అడిగిన ప్రశ్న

పెన్నేటి_మాస్టారు | జమ్మలమడుగు

అందరికీ నమస్తే. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఈమధ్య తొమ్మిదో తరగతి పిల్లోళ్ళని గండికోటకి పిల్చుకొని పోయినాం, లోయ అంచుకి కొంచెం ఎడంగా నిలబెట్టి, ఈ ఎర్ర బండలన్నీ పెన్నేరే లక్షల ఏండ్లుగా కోసుకుంటా వచ్చింది, ఇప్పుడు ఏరు ఎట్ల పని చేస్తాందో అప్పుడూ అట్లే చేసింది అని నా ధోరణిలో నేను చెప్పుకుంటా పోతాంటే వెనక నుంచి ఒకడు, "సార్, డ్యామ్ నీళ్ళు తీసేస్తే పెన్నేట్లో నీళ్ళు పారేదే ఏడాదికి నాలుగు దినాలు, అప్పుడూ ఇట్లే ఉన్నింటే ఇంత లోయ ఎట్ల పడ్తాది? ఇట్ల లేదు అంటారా, మరి ఇప్పటిదాన్ని చూసి అప్పటిది ఎట్ల చెప్తారు?" అన్నాడు.

ఏదో సర్దిచెప్పి బస్సెక్కించినా గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆలోచిస్తే నేను క్లాసులో చెప్పే ప్రతిదాని అడుగునా ఈ 'ఒకే తీరు' అనే మాటే ఉంది. యూనిఫార్మ్ మోషన్ అంటాం, ఉప్పునీళ్ళు యాడ ముంచినా ఒకటే కాబట్టి సజాతీయ మిశ్రమం అంటాం, సూర్యుని లోపల హైడ్రోజనూ ఈడ సిలిండర్లో హైడ్రోజనూ ఒకటే అంటాం, విశ్వం ఎటు చూసినా ఒకే తీరుగా ఉంటాదని ఖగోళం వాళ్ళు అంటారు. ఇవన్నీ ఒకే ఆలోచనా, లేకపోతే ఒక్కో సైన్సుది ఒక్కో కతనా? ఇంకోటి, ఇది రుజువైన విషయమా లేక మనం ముందే పెట్టుకున్న నమ్మకమా? తెలిసినోళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, వానికి నేను మళ్ళా జవాబు చెప్పాల.

నాపరాయి | బేతంచెర్ల

మాస్టారూ, ఆ పిల్లోడు మామూలోడు కాదు. జియాలజీ వాళ్ళు నూరేండ్లకు పైగా కొట్లాడుకున్నది సరిగ్గా దీని మీదే.

జేమ్స్ హట్టన్ అనే ఆయన 1785లో ఎడిన్‌బరోలో చెప్పినాడు, భూమి పాత చరిత్ర చెప్పడానికి ఇప్పుడు కండ్ల ముందర జరిగే పనులు చాలు, వాన, ఏరు, ఇసుక, అగ్నిపర్వతం ఇవే చాలు, ప్రత్యేకంగా ప్రళయాలు తెచ్చిపెట్టుకోవాల్సిన పన్లేదు అని. తర్వాత చార్లెస్ లయెల్ 1830 నుంచి 33 దాకా మూడు సంపుటాలు రాసి దాన్ని గట్టిగా నిలబెట్టినాడు, 1832లో విలియం హ్యూయెల్ అనే ఆయన దానికి యూనిఫార్మిటేరియనిజం అని పేరు పెట్టినాడు. అయితే లయెల్ ఏం చేసినాడంటే రెండు వేరువేరు సంగతుల్ని ఒకే మూట కట్టినాడు. ఒకటి, ప్రకృతి నియమాలు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. రెండోది, జరిగే వేగం కూడా అప్పుడూ ఇప్పుడూ ఒకటే, ఎప్పుడూ నిదానమే. మొదటిదాన్ని ఈరోజుకీ ఎవరూ వదల్లేదు, వదిలితే జియాలజీ దుకాణం మూసేయాల. రెండోది మాత్రం నిలబళ్ళేదు. 1965లో స్టీఫెన్ జే గూల్డ్ ఈ రెంటినీ విడదీసి చూపిచ్చినాడు.

మీ పిల్లోడు తప్పుబట్టింది రెండోదాన్ని, మొదటిదాన్ని కాదు. వానికి జవాబు ఏందంటే, లోయ కోసేది సగటు నీళ్ళు కావు, ఆ నాలుగు దినాల వరదే. నీళ్ళొక్కటే కూడా కోయవు, వరద మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్ళు అడుగుని అరగదీస్తాయి. దాంతోపాటు గండికోట క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) బండల్లో నిలువు పగుళ్ళు ఉంటాయి, అడుగున తొలిచేకొద్దీ పైన దిమ్మెలు దిమ్మెలుగా విరిగి పడ్తాయి. లోయ గోడలు అంత నిట్టనిలువుగా ఉండేది అందుకే, అడుగున గుట్టలుగా పడి ఉండే చదరపు రాళ్ళు కూడా అవే. ఏడాదికి నాలుగు దినాలు చొప్పున పది లక్షల ఏండ్లు లెక్కేసుకోమనండి.

ఈసారి పోయినప్పుడు ఇంకోటి చూపిచ్చండి. పెన్నేట్లో వరద తగ్గినాక ఇసుక మీద అలల గీతలు పడ్తాయి కదా, అచ్చం అవే గీతలు కడప బేసిన్ క్వార్ట్‌జైట్ బండల మీద చాలాచోట్ల ఉండాయి. వంద కోట్ల ఏండ్లకు పైబడిన బండలు అవి. గీత మీద వేలు పెట్టి అడ్డంగా జరిపితే ఒక పక్క వాలుగా, ఒక పక్క నిక్కంగా తగుల్తాది, నిక్కంగా ఉండే పక్కకి నీళ్ళు పారినట్టు లెక్క. రెండు పక్కలా వాలు ఒకటే ఉంటే అది పారే నీళ్ళది కాదు, ఒడ్డున ముందుకీ వెనక్కీ ఊగే అలది. చూసినోడు ఎవడూ లేకపోయినా నీళ్ళు ఎటు పారినాయో వేలితో చెప్పొచ్చు, ఎందుకంటే ఇసుక రేణువు మీద నీళ్ళు పని చేసే పద్ధతి మారలేదు. వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి)లో స్ట్రొమటోలైట్లు, అంటే సూక్ష్మజీవులు కట్టిన పొరల రాళ్ళు కూడా ఇదే తరహా సాక్ష్యం, అట్లాంటి పొరలనే ఆస్ట్రేలియా షార్క్ బేలో సూక్ష్మజీవులు ఇప్పటికీ కడ్తాండాయి.

వేగం సంగతికొస్తే లయెల్ శిష్యులు చానా మొండికేసినారు. హార్లెన్ బ్రెట్జ్ అనే ఆయన 1923లో అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో బండల్ని చూసి ఇది ఒకేసారి వచ్చిన మహా వరద చేసిన పని అంటే, ప్రళయాల కతలు మళ్ళా తెస్తాండావా అని తరిమినంత పని చేసినారు. తర్వాత తెలిసింది, మంచు కట్ట తెగి మిసౌలా అనే పెద్ద సరస్సు ఖాళీ అయిందని, అదీ ఒకసారి కాదు, చానాసార్లు. ఆయనకి జియాలజీలో పెద్ద గౌరవమైన పెన్‌రోజ్ మెడల్ వచ్చేసరికి 1979, తొంభై దాటినాడు. ఆ తర్వాతి ఏడాదే అల్వరెజ్ వాళ్ళు ఇరీడియం (భూమి పైపొరలో అరుదైన లోహం) పొర చూపించి, ఆకాశం నుంచి పడిన బండతో డైనోసార్లు పోయినాయి అన్నారు.

అంతదూరం ఎందుకు, మన జ్వాలాపురంలో జుర్రేరు పక్కన తవ్వితే తెల్లటి బూడిద పొర వస్తాది, సుమారు 74 వేల ఏండ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలిన బూడిద అది. నిదానంగా ఒండ్రు పేరుకుంటాండే చోట ఉన్నట్టుండి అంత బూడిద. నియమం ఒకటే, వేగం మాత్రం ఎప్పటికప్పుడు వేరు.

చుక్కల_సీమ | అనంతపురం (ఉండేది బెంగళూరు)

నాపరాయి అన్న బాగా చెప్పినాడు. ఫిజిక్స్ వైపు నేను కొంచెం అందుకుంటా.

ఫిజిక్స్‌లో కూడా రెండు ఉండాయి, వాటిని కలిపేస్తే గందరగోళం. నియమం అంతటా ఒకటే అనేది ఒకటి, పదార్థం అంతటా ఒకే తీరుగా పరుచుకొని ఉంది అనేది ఇంకోటి. మొదటిదాన్ని న్యూటనే తన ప్రిన్సిపియాలో రూలుగా రాసిపెట్టినాడు, యూరప్‌లో రాయి పడ్డానికీ అమెరికాలో రాయి పడ్డానికీ కారణం ఒకటే అనుకోండి అని. 1918లో ఎమ్మీ నోథర్ దాన్ని ఎక్కడికో తీసుకుపోయింది, నియమాలు కాలంతో మారవు అంటే శక్తి నిత్యత్వం దానంతట అదే వస్తాది, చోటుతో మారవు అంటే ద్రవ్యవేగ నిత్యత్వం వస్తాది. మాస్టారూ, మీరు తొమ్మిదో తరగతికి చెప్పే శక్తి నిత్యత్వ నియమం ఈ యూనిఫార్మిటీకి బిడ్డే అన్నమాట.

ఇది నమ్మకమా అంటే, పరీక్ష పెట్టి చూసినారు, ఒకటి మన ఆంధ్రాలోనే జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం, జాన్సెన్ అనే ఫ్రెంచాయన గుంటూరులో స్పెక్ట్రోస్కోపు (వెలుతురుని రంగులుగా విడగొట్టి చూసే పరికరం) పెట్టుకొని సూర్యుని అంచున లేచే మంటల వెలుతురు చూసినాడు, గీతలు గీతలుగా కనపడింది. అందులో పసుపు గీత ఒకటి సోడియం గీతలకు దగ్గరగా ఉంది గానీ సోడియంది కాదని అదే ఏడాది లాకియర్ తేల్చినాడు, ఇది మనకు తెలీని మూలకం అన్నాడు. అప్పట్లో చానామంది నమ్మలేదు. 1895లో రామ్సే యురేనియం ఉండే ఒక ఖనిజం నుంచి వాయువు తీస్తే అదే గీత పడింది, అదే హీలియం. సూర్యునిలో ఒక రూలూ భూమ్మీద ఒక రూలూ ఉన్నింటే ఇది జరిగే పనే కాదు.

కాలం సంగతికి ఓక్లో చూడండి, ఆఫ్రికాలో గాబన్ దేశం. యురేనియం యాడ తవ్వినా అందులో 235 రకం 0.720 శాతం ఉంటాది, ఆ గని సరుకులో 1972లో 0.717 వచ్చింది. మూడో దశాంశంలో తేడా, దానికే ఫ్రెంచోళ్ళు కూపీ లాగినారు. తేలిందేందంటే దాదాపు రెండు వందల కోట్ల ఏండ్ల కిందట ఆ భూమిలోపల దానంతట అదే న్యూక్లియర్ రియాక్టర్ నడిచింది. ఆడ మిగిలిన మూలకాల లెక్క చూసి, ఆ రోజు న్యూక్లియస్ న్యూట్రాన్‌ని పట్టుకున్న తీరు ఈరోజు ల్యాబ్‌లో పట్టుకునే తీరుకి సరిపోతాందా అని 1976లో ష్ల్యాక్టర్ అనే రష్యన్ లెక్కేసినాడు, సరిపోయింది. 1987లో కనపడిన సూపర్‌నోవా కూడా అంతే, దాని వెలుతురు తగ్గిన తీరు కోబాల్ట్ 56 అర్ధాయువు 77 దినాలకు సరిపోయింది, ఆ వెలుతురు బయల్దేరి లక్షా అరవై ఎనిమిది వేల ఏండ్లు. జియాలజీ వాళ్ళ రాళ్ళ వయసు లెక్కలు నిలబడేది ఇట్లాంటి పరీక్షల మీదే.

ఇక పదార్థం పరుచుకున్న సంగతి. విశ్వం తొలినాళ్ళ నుంచి మిగిలి అన్ని దిక్కుల నుంచీ వచ్చే మైక్రోవేవ్ వెలుతురు ఉష్ణోగ్రత 2.725 కెల్విన్, ఎటు తిప్పి చూసినా తేడా లక్షలో ఒక వంతు స్థాయే. ఆ కొంచెం తేడా కూడా ఉందని కోబ్ ఉపగ్రహం 1992లో చూపిచ్చింది, ఆ తేడా లేకుంటే గెలాక్సీలే లేవు, మనమూ లేము. పూర్తి యూనిఫార్మ్ అయితే విశ్వంలో ఏమీ జరగదు! మళ్ళా ఇంకో తలనొప్పి, ఆకాశంలో ఈ మూలా ఆ మూలా ఒకదానికొకటి వెలుతురు చేరేంత టైమే లేకపోయింటే రెంటికీ ఒకే ఉష్ణోగ్రత ఎట్ల కుదిరింది అని. 1981లో అలన్ గుత్ ఇన్‌ఫ్లేషన్ (విశ్వం మొదట్లో ఒక్కసారిగా ఉబ్బింది) అన్నది ఈ ముడి విప్పడానికే. అంటే ఈ రెండో రకం యూనిఫార్మిటీని మేము ఊరికే ఒప్పుకోము, ఎందుకుంది అని కారణం అడుగుతాం.

ఊరికే_అడుగుతా | ప్రొద్దుటూరు

అంతా బాగుంది గానీ ఒక్క డౌటు. నిన్నటిదాకా నియమం మారలేదు కాబట్టి రేపు కూడా మారదు అంటాండారు. "నిన్నటిలా రేపు ఉంటాది" అనే మాటని నిన్నటి అనుభవంతోనే రుజువు చేస్తే అది గుండ్రంగా తిరిగినట్టే కదా అన్నా. హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్వవేత్త 1700లలోనే ఇది అడిగినాడు, ఆయనకంటే చానా ముందే మన చార్వాకులు అడిగినారు, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉందని మీరు అన్నిచోట్లా తిరిగి చూసినారా అని. ఓక్లో చూసినారు సరే, ఆ ఓక్లో లెక్క కట్టడానికి వాడిన ఫిజిక్స్ అప్పుడూ ఇదే అనుకొనే కదా లెక్క కట్టింది?

చుక్కల_సీమ | అనంతపురం

కరెక్టే, లాజిక్‌తో అది రుజువు కాదు, హ్యూమ్‌కి అందరూ ఒప్పుకునే జవాబు ఎవరూ చెప్పలేదు. గానీ ఓక్లో విషయంలో గుండ్రంగా తిరగడం లేదు. నియమం ఇదే అనుకొని లెక్క కడితే ఫలానా సమేరియం ఐసోటోపు ఇంతే మిగలాల అని నంబర్ వస్తాది, ఆ నంబర్ రాళ్ళో లేకుంటే అనుకున్నది తప్పు అని తేలిపోతాది. ఓడిపోయే అవకాశం ఇచ్చి ఆడించినారు, ఓడిపోలేదు. నమ్మకానికి అట్లాంటి అవకాశం ఎవురూ ఇవ్వరు కదప్పా.

సిమెంటోడు | ఎర్రగుంట్ల

మీరంతా ఆకాశంలో ఉండారు, నేను కొంచెం కిందికి దించుతా. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని చేస్తా. మా దగ్గర యూనిఫార్మిటీ నమ్మేదీ కాదు వెతికేదీ కాదు, కరెంటు ఖర్చు పెట్టి తయారు చేసేది.

గనిలో సున్నపురాయి ఒక్క బెంచీలోనే నాలుగు రకాలుగా వస్తాది, ఈ పక్క సున్నం శాతం బాగుంటే ఆ పక్క మట్టి పొర, ఇంకో చోట మెగ్నీషియా. దాన్ని అట్లే కిల్న్ (బట్టీ)లోకి తోస్తే ఒక గంట సున్నం ఎక్కువై కాలదు, ఫ్రీ లైమ్ (కలవకుండా మిగిలే సున్నం) పెరుగుతాది, ఇంకో గంట తక్కువై కరిగి గోడకి అంటుకుంటాది, 1450 డిగ్రీల దగ్గర ఈ తమాషాలు కుదరవు. అందుకని స్టాకర్ మిషన్ షెడ్డు పొడుగూతా అటూ ఇటూ తిరుగుతా పల్చని పొరలు వందల కొద్దీ ఒకదాని మీద ఒకటి పోస్తాది, కుప్ప అయినాక రిక్లెయిమర్ దాన్ని అడ్డంగా కోస్తాది. పొడుగు పోయడం, అడ్డం కోయడం, కిటుకు అంతా అంతే. ఒక్కో కోతలో నిన్న పొద్దున రాయి, మొన్న రాత్రి రాయి అన్నీ కొంచెం కొంచెం వస్తాయి. అది రా మిల్లులో పొడి అయి బ్లెండింగ్ సైలోలో మళ్ళా కలుస్తాది. గంటగంటకీ శాంపిల్ తీసి బిళ్ళ నొక్కి ఎక్స్‌రే మిషన్లో పెట్టి ఎల్ఎస్ఎఫ్ (సున్నం పాళ్ళు సరిగ్గా ఉందా అని చెప్పే లెక్క) చూస్తాం. నాకు కావాల్సింది ఆ నంబర్ మంచిగా రావడం ఒక్కటే కాదు, గంట గంటకీ ఎంత ఊగుతాంది అనేది.

అయితే నాకు ఈడ తెలిసొచ్చిన ముఖ్యమైన సంగతి, ఎంత ముద్ద తీసుకొని చూస్తాండావు అనేది చెప్పకుండా "ఇది ఒకే తీరుగా ఉంది" అనడానికి అర్థమే లేదు. లారీ లోడు లోడుకీ పోలిస్తే మా కుప్ప బ్రహ్మాండంగా కలిసినట్టు, పిడికెడు పిడికెడుకీ పోలిస్తే ఏం కలవనట్టు. మందుల కంపెనీలో ఉండే మా తమ్ముడు కూడా ఇదే చెప్తాడు, డ్రమ్ములో పొడి మొత్తం మీద మందు శాతం సరిగ్గా ఉండొచ్చు, గానీ రోగి మింగేది డ్రమ్ము కాదు ఒక్క మాత్ర. అందుకే మాత్రల్ని ఒక్కొక్కటిగా, మామూలుగా పదింటిని, విడివిడిగా పరీక్ష చేసి ఒక్కోదాంట్లో మందు ఎంతుందో చూస్తారు. చుక్కల_సీమ అన్నా, మీ విశ్వంలో కూడా గెలాక్సీ ఉన్నచోట ఉంది, లేనిచోట ఏమీ లేదు కదా. ఎంత ముద్ద తీసుకుంటే అది యూనిఫార్మ్ అవుతాది?

చుక్కల_సీమ | అనంతపురం

మంచి ప్రశ్న. సుమారు 30 కోట్ల కాంతి సంవత్సరాల ముద్ద తీసుకుంటే సగటు అన్నిచోట్లా దాదాపు ఒకటే వస్తాది అంటారు. అయితే 2003లో కనపడిన స్లోన్ గ్రేట్ వాల్ లాంటి గెలాక్సీల వరసలు వంద కోట్ల కాంతి సంవత్సరాలకు పైనే పొడుగు, ఇట్లాంటివి ఉండొచ్చా లేదా, ఆ ముద్ద సైజు పెంచాలా అని గొడవ ఇంకా నడుస్తాంది.

చీనీతోట | తాడిపత్రి దగ్గర పల్లె

సిమెంటోడు చెప్పిన ముద్ద సంగతి మాకు బాగా అర్థమవుతాది. అనంతపురానికి ఏడాది వాన సగటు 550 మిల్లీమీటర్ల చిల్లర అని పేపర్లో రాస్తారు. ఆ సగటు నెలల మీదికీ మండలాల మీదికీ సమంగా పంచుకొని కూర్చుంటే సేద్యం సుఖమే. రెండు పదును వానల మధ్య నలభై దినాలు బెట్ట వచ్చినాక, ఆఖర్న అక్టోబర్లో ఒకే రాత్రి కొట్టి లెక్క సరిచేస్తే, ఏడాది లెక్కలో నార్మల్, చేన్లో బుడ్డల్లేవు (వేరుశనగ కాయలు).

డ్రిప్పు విషయం చెప్తా, ఇది పిల్లోళ్ళతో కూడా చేయించొచ్చు. మా చీనీ (బత్తాయి) తోటలో మొదట్లో ఉండే చెట్లు పచ్చగా, లేటరల్ పైపు (చెట్ల వరస వెంట పోయే సన్న పైపు) చివర చెట్లు ఆకు పాలిపోయి పిందె రాల్తాండె. తెగులు అనుకొని మందు కొట్టినోళ్ళు చానామంది ఉండారు మా పక్కన. సేద్యం ఆఫీసు నుంచి వచ్చిన పిల్లోడు మందు మాట ఎత్తకుండా మగ్గులు తెమ్మన్నాడు. సబ్ మెయిన్ (లేటరల్స్‌కి నీళ్ళిచ్చే పెద్ద పైపు)లో నీళ్ళొచ్చే మొదటి లైను, మధ్య లైన్లు రెండు, చివర లైను, ఒక్కోదాంట్లో మొదలు, మధ్యల్లో, చివర డ్రిప్పర్ల కింద మగ్గు పెట్టి ఒకే టైము నీళ్ళు పట్టించినాడు. అన్నీ కొలిచి, అందులో తక్కువ పడిన నాలుగో వంతు డ్రిప్పర్ల సగటుని మొత్తం సగటుతో భాగించమన్నాడు. మాటకి మొత్తం సగటు గంటకి 3.6 లీటర్లు, అడుగున ఉండే నాలుగో వంతు సగటు 2.8 అనుకోండి, 78 శాతం వస్తాది. 90 దాటితే బాగున్నట్టు. ఎక్కువ పడే చెట్టుని కాదు, తక్కువ పడే చెట్టుని పట్టుకొని లెక్క కట్టడం నాకు భలే నచ్చింది, ఎండేది అదే కదా. చివర డ్రిప్పర్ ఇప్పి చూస్తే నోటికాడ తెల్లగా ఉప్పు పేరుకొని ఉంది, బోరు నీళ్ళ మహిమ. యాసిడ్ పట్టిచ్చి, పైపు చివర మూత తీసి కడిగినాక తేరుకుంది.

ఇంకో మాట. మీరంతా యూనిఫార్మ్ అంటే మంచిదే అన్నట్టు మాట్లాడ్తాండారు. కొత్త వంగడం రిజిస్టర్ చేయాలంటే 2001 చట్టం ప్రకారం చేను మొత్తం మొక్కలు ఒకే తీరుగా ఉండాల అని పరీక్ష పెడ్తారు, కోతకీ అమ్మకానికీ అది మంచిదే. గానీ 2000 ఖరీఫ్‌లో ఏమైంది? జిల్లా అంతా దాదాపు ఒకే పంట, వేరుశనగ, ఎక్కువ భాగం ఒకే రకం, టీఎంవీ 2. వైరస్ వచ్చింది, వయ్యారిభామ పుప్పొడి మీద కూర్చొని తామర పురుగులు దాన్ని మోసినాయి, రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతినింది. అమెరికాలో 1970లో మొక్కజొన్నకి ఇట్లే అయింది అంట, హైబ్రిడ్ విత్తనంలో చానా భాగం ఒకే టెక్సాస్ మూలం నుంచి వచ్చింది, ఆకు తెగులు దేశంలో చానా చోట్ల పంటని దెబ్బతీసింది.

హంద్రీ_గట్టు | కర్నూలు

ఇరిగేషన్‌లో పని చేసి రిటైరైనాను. మా డిజైన్లు మొత్తం ఒకే ఒక్క అనుకోలు మీద నడుస్తాయి, గడిచిన యాభై అరవై ఏండ్ల వరదలు ఏ పద్ధతిలో వచ్చినాయో రాబోయే వంద ఏండ్లూ అదే పద్ధతిలో వస్తాయి అని. స్టేషనారిటీ అంటారు. హట్టన్ మాటనే తిప్పి ముందుకు పెట్టినట్టు.

2009 అక్టోబర్ 2న కర్నూల్లో ఉన్నోళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. తుంగభద్రా హంద్రీ రెండూ ఒకేసారి పొంగి పాతబస్తీ మునిగింది. శ్రీశైలానికి 19 లక్షల క్యూసెక్కుల వరద అని డిజైన్ లెక్క, ఆ రాత్రి వచ్చింది 25 లక్షలు దాటి. 885 అడుగుల పూర్తి మట్టం దాటి నీళ్ళు 896కి పోయినాయి. డ్యామ్ నిలబడింది, ఊరు నిలబళ్ళేదు. 2021 నవంబర్ 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట అయితే పూర్తిగానే కొట్టుకుపోయింది, పైన పింఛా కట్ట తెగి ఆ నీళ్ళు కూడా దీని మీద పడినాయి.

జనం ఇంకోటి కూడా తప్పు పట్టుకుంటారు, నూరేండ్ల వరద అంటే నూరేండ్లకోసారి క్యాలెండర్ పెట్టుకొని వస్తాదని. ప్రతి ఏడాదీ నూటికి ఒకటి అవకాశం అని దానర్థం, ముప్పై ఏండ్ల ఉద్యోగంలో ఒక్కసారైనా చూసే అవకాశం 26 శాతం. అదీ స్టేషనారిటీ నిజమైతే! 2008లో సైన్స్ పత్రికలో కొంతమంది హైడ్రాలజిస్టులు స్టేషనారిటీ చచ్చిపోయింది అని తేల్చి రాసేసినారు, వాతావరణం మారతాంది కాబట్టి పాత రికార్డు కొత్త వరదకి హామీ ఇవ్వదు అని. నాపరాయి గారూ, మరి మీ యూనిఫార్మిటీ కూడా దాంతోపాటే పోయినట్టు కాదా?

నాపరాయి | బేతంచెర్ల

పోలేదు సార్. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటాది, ఈ నియమం ఏం మారలేదు. నియమం మారలేదు కాబట్టే వరదలు మారతాయని ముందే చెప్పగలుగుతాండారు. మీది పోయింది లయెల్ చెప్పిన రెండో సంగతి, వేగం ఒకటే అనేది.

అనుకోలు యాడ పెడ్తామో అనేదాంట్లో ఫిజిక్స్ వాళ్ళు కూడా బోర్లా పడినారు, చుక్కల_సీమ తమ్ముడు ఏమీ అనుకోకూడదు. లార్డ్ కెల్విన్ 1862లో భూమి చల్లబడే లెక్క కట్టి వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏండ్ల మధ్య అన్నాడు, జియాలజిస్టులు కోట్లకు కోట్లు అడుగుతాండారని ఎగతాళి చేసినాడు. ఆయన లెక్కలో తప్పు లేదు, గానీ భూమి లోపల అంతా ఒకే తీరుగా వేడిని పంపుతాదని అనుకున్నాడు. ఆయన దగ్గరే అసిస్టెంటుగా చేసిన జాన్ పెర్రీ 1895లో అడిగినాడు, లోపలి భాగం పైపెంకు కంటే బాగా వేడి పంపితేనో అని. అంతే, వయసు రెండు మూడు వందల కోట్లకి ఎగబాకింది. రేడియోధార్మికత అప్పటికి ఇంకా బయటపడనే లేదు. పదార్థం ఒకే తీరు అనుకోవడం, నియమం ఒకే తీరు అనుకోవడం ఒకటి కాదు అని నేను అనేది అందుకే.

చుక్కల_సీమ | అనంతపురం

ఏమీ అనుకోలే అన్నా, కెల్విన్‌ని మేము కూడా ఎప్పుడో వదిలేసినాం 😀

లెక్కల_రెడ్డి | నంద్యాల

డిగ్రీ కాలేజీలో లెక్కలు, స్టాటిస్టిక్స్ చెప్తా. ఆలస్యంగా చూసినా ఈ చర్చ. ఒక రకం మిగిలిపోయింది. అవకాశం అన్నిచోట్లా సమానం అయితే ఫలితం కూడా సమంగా పరుచుకుంటాది అని అందరూ అనుకుంటారు, అస్సలు కాదు, గుంపులు గుంపులుగా పడ్తాది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు లండన్ మీదికి వీ1 బాంబులు వదిలితే కొన్ని పేటల్లోనే పడ్తాండాయి, గురి చూసి కొడ్తాండారు అని జనం అనుకున్నారు. క్లార్క్ అనే ఆయన దక్షిణ లండన్‌ని పావు చదరపు కిలోమీటరు చొప్పున 576 గళ్ళు చేసి లెక్కపెట్టినాడు, పడిన బాంబులు 537. 229 గళ్ళలో ఒక్కటీ పళ్ళేదు. గురీ గిరీ లేకుండా పడితే ఎన్ని ఖాళీగా ఉండాల అని పాయిజాన్ సూత్రంతో కడితే సుమారు 227. అంటే ఆ గుంపులు గురి వల్ల వచ్చినవి కావు. ప్రతి గడిలో ఒక్కోటి చొప్పున పడింటేనే అనుమానించాల్సింది.

మాస్టారూ, దీన్ని బడి వరండాలో చేయించొచ్చు. చాక్‌పీసుతో 8 గళ్ళు పొడుగు 8 గళ్ళు అడ్డం గీయండి, 64. ఒకటి నుంచి ఎనిమిది దాకా చిట్టీలు రెండు గిన్నెల్లో వేసి, ఒక గిన్నె నుంచి వరస, ఇంకో గిన్నె నుంచి నిలువు తీసి, ఆ గడిలో ఒక బుడ్డ పెట్టి, చిట్టీ మళ్ళా గిన్నెలో వేసేయాల. అట్ల 64 బుడ్డలు. సగటున గడికి ఒకటి కదా, మరి ఖాళీ గళ్ళు ఎన్ని ఉంటాయో ముందే రాసిపెట్టమనండి పిల్లోళ్ళని. చానామంది అయిదో పదో రాస్తారు. వచ్చేది 23 అటూ ఇటూ. తర్వాత నాలుగు గళ్ళు కలిపి పెద్ద గడి చేసి లెక్కపెట్టిస్తే ఖాళీవి దాదాపు మాయమైపోతాయి, సిమెంటోడు చెప్పిన ముద్ద సంగతి దాంట్లోనే అర్థమైపోతాది.

పెన్నేటి_మాస్టారు | జమ్మలమడుగు

అందరికీ చానా థాంక్స్. ఇంత వస్తాదని అనుకోలే. నాకు అర్థమైనంతలో, నియమం మారదు అనేది పరీక్ష పెట్టి నిలబెట్టుకున్నది, వేగం మారదు అనేది వదిలేసింది, పదార్థం సమంగా ఉంది అనేది ఎంత ముద్దలో చూస్తాండామో చెప్పాల్సింది. మగ్గుల లెక్కకి మా ఊరి చీనీ తోట ఒకటి మాట్లాడినా, బుడ్డల ఆట వచ్చే వారం.

ఊరికే_అడుగుతా | ప్రొద్దుటూరు

చిట్టీలు గిన్నెలో బాగా కలిసినాయని ఎట్ల తెలుస్తాది సార్? మళ్ళా అది కూడా అనుకోలే కదా 😀

సిమెంటోడు | ఎర్రగుంట్ల

ఇది మాత్రం నవ్వులాట కాదప్పా. 1969 డిసెంబర్ 1న అమెరికాలో వియత్నాం యుద్ధానికి కుర్రోళ్ళని లాటరీ తీసినారు, 366 పుట్టినరోజులు డబ్బీల్లో పెట్టి. నెల వరసలో పోసినారు, సరిగ్గా కలపలేదు, చివర్లో పోసిన డిసెంబర్ డబ్బీలు పైనే ఉండిపోయి ముందే చేతికొచ్చినాయి. డిసెంబర్లో పుట్టినోళ్ళు ఎక్కువ మంది మొదట్లోనే దొరికిపోయినారు, లెక్కలోళ్ళు దాన్ని తర్వాత పట్టుకున్నారు. ఆ తర్వాత నుంచి రెండు డ్రమ్ములు పెట్టి, ఒకదాంట్లో తేదీ, ఇంకోదాంట్లో నంబర్ తీసినారు.

మాస్టారూ, చిట్టీలన్నీ ఒకే కాగితం, ఒకే మడత ఉండేట్టు చూడండి, తీసిన చిట్టీ పైన వేసి వదిలేయకుండా ప్రతిసారీ గిన్నె అడుగు దాకా చెయ్యి పెట్టి తిప్పమనండి. కలిసిందా లేదా అనే అనుమానం ఉంటే ఒక్కో గిన్నెకి విడిగా, ఏ నంబర్ ఎన్నిసార్లు వచ్చిందో పక్కన ఒక పిల్లోనితో గీతలు గీయించండి, ఒక్కోటీ ఎనిమిది చుట్టుపక్కల రావాల.